సైన్సు గదిలో సృష్టి పంచాయితీ

ఈమధ్య ఒక కుర్ర మాస్టరు మా ఇంటికి వచ్చి, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే గోడు వెళ్ళబోసుకున్నాడు. పరిణామం పాఠం చెబితే ఒక పిల్లవాడి తండ్రి బడికొచ్చి గొడవ పెట్టుకున్నాడట. మనిషి కోతి నుంచి వచ్చాడని చెప్పాలంటే నీ పిల్లలకు చెప్పుకో, మా వాడికి మాత్రం దేవుడు చేశాడనే చెప్పు అన్నాడట. అప్పటి నుంచి ఈ అబ్బాయికి అన్నం సయించడం లేదు. నాకు జాలి వేయలేదు సరికదా, నవ్వొచ్చింది. ఒక్క తండ్రికే ఇంత బెంగపడితే ఎట్లా నాయనా! అదే పాఠానికి నేను ఒక మౌల్వీని, ఒక పంతులును, ఒక సేఠును, ఒక పాలాయనను, ఒక ఇన్‌స్పెక్టరును, ఒక కొబ్బరికాయను ఎదుర్కొన్నవాణ్ణి.

అతనికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. కొత్తగా సుద్దముక్క పట్టుకున్న వాళ్ళకు పనికి రావచ్చు. పేర్లు మాత్రం అడగకండి. వాళ్ళ మనుమలు ఇంకా ఆ గల్లీల్లోనే తిరుగుతున్నారు, నేనూ ఆ గల్లీల్లోనే కూరగాయలు కొనుక్కోవాలి.

అప్పటికింకా నిజాం రాజ్యమే. ముప్ఫైల చివరి మాట. చార్మినార్ దాటి ఫలక్‌నుమా వైపు పోయే దారిలో, ఒక గల్లీలో మా సర్కారీ బడి ఉండేది. అది ఒకప్పుడు ఏదో పెద్ద ఇంటివాళ్ళ దేవిడీ. వాళ్ళు గుర్రాలను కట్టేసిన చోటు మాకు సైన్సు గది అయింది. వానాకాలంలో ఆ గదిలో ఇంకా గుర్రాల వాసన వచ్చేది. చదువంతా ఉర్దూలో. ఇంట్లో తెలుగు, బళ్ళో ఉర్దూ, పరీక్ష కాగితాలు దిద్దుతూ నన్ను నేను తిట్టుకునేది రెండింటిలో. వారానికి సెలవు శుక్రవారం. శనివారం బడి ఉంటుందన్న మాట. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, ముందు ముందు కావాలి.

నేను అప్పుడు మున్సరింను. అంటే ఇంకొకరి కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నవాణ్ణి. ఆ ఇంకొకరు పింఛను మీద వెళ్ళిపోయారు. ఏడాదికి ఒకసారి తనిఖీకి వచ్చే నాజిర్ సాబ్, అంటే బళ్ళ ఇన్‌స్పెక్టరు, నా గురించి ఒక మంచి మాట రాస్తే ఆ కుర్చీ నాదవుతుంది. చెడ్డ మాట రాస్తే సైదాబాదులో మా ఇంటి అరుగే నాకు గతి. ఆ అరుగు మీద కూర్చుని మా అమ్మ అప్పటికే ఒక సంబంధం కూడా చూసిపెట్టింది. పిల్ల తండ్రి మంచివాడే గాని మహా గట్టివాడు. "నౌకరి పక్కా అయినంకనే లగ్గం" అని తేల్చేశాడు. అందుకని రోజూ నేను సైకిలెక్కేటప్పుడు మా అమ్మ ఒకే మాట చెప్పేది.

"బడిల ఎవ్వలతోని లొల్లి వెట్టుకోకు బిడ్డా. నోరు మూస్కోని పాఠం జెప్పు."

నోరు మూసుకుని పాఠం చెప్పడం ఎట్లాగో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

బళ్ళో ఇద్దరు పెద్దలుండేవారు. ముసల్మాను పిల్లలకు మతం చెప్పే దీనియాత్ పీరియడు మౌల్వీ సాబ్‌ది. అదే సమయంలో హిందువుల పిల్లలకు నీతులు, పురాణాలు చెప్పే అఖ్లాఖియాత్ పీరియడు పంతులుగారిది. గంట కొట్టగానే తరగతి రెండుగా చీలి వరండాలోకి పోయేది. మధ్యలో ఒక వెదురు తడిక. తడికకు ఇటు మౌల్వీ సాబ్, అటు పంతులుగారు. మౌల్వీ సాబ్ నల్లగొండ వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. భారీ విగ్రహం, గొంతు అంతకన్నా భారీ, మాట్లాడితే అచ్చమైన మన తెలుగు. పంతులుగారు పుల్లలాంటి మనిషి, ఉర్దూ ఫార్సీలు మంచినీళ్ళలా తాగినవారు, మాటకు ముందు ఒక "జనాబ్", వెనక ఒక "హుజూర్". మౌల్వీ సాబ్ గొంతు వల్ల తన పిల్లలకు వినిపించడం లేదని పంతులుగారు, పంతులుగారి దగ్గు వల్ల తన పాఠం పాడవుతోందని మౌల్వీ సాబ్, ఏళ్ళ తరబడి పోట్లాడుకుంటూనే ఉన్నారు. తడికను ఎటు జరపాలన్న దాని మీద కూడా ఒప్పందం కుదరలేదు.

ఇట్లా ఉండగా సర్కారీ డిపో నుంచి సైన్సు గదికి ఒక రంగుల పటం వచ్చింది. చేప, కప్ప, బల్లి, కోతి, చివరన మనిషి. ఆ మనిషికి తెల్లటి ఒళ్ళు, నున్నగా దువ్విన క్రాపు పెట్టి అచ్చం దొరలా గీశారు. పిల్లలు దాన్ని చూసి మొదట అడిగిన ప్రశ్న, "సార్, కోతికెల్లి దొరలొచ్చిండ్రా?" అని. అవునన్నా కాదన్నా ప్రమాదమే. పాఠం వినండిరా అన్నాను.

పాఠంలో నిజానికి కోతే లేదు. మా పుస్తకంలో ఉన్నది గుర్రం కథ. ఒకప్పుడు కుక్కంత ఉండే జంతువు కాలికి వేళ్ళుండి, ఎన్నో తరాలకు అవి పోయి, ఒక్క గిట్ట మిగిలి గుర్రమైన వైనం. దాన్ని ఇర్తెఖా అంటారని, అంటే మెల్లమెల్లగా మారుతూ రావడమని చెప్పాను. కాని పాఠం ఎవరికి కావాలి? పటం ఉందిగా! ఆ సాయంత్రానికల్లా చాంద్రాయణగుట్ట దగ్గరి గొడ్లపాకల నుంచి దుకాణాల దాకా ఒకటే వార్త. సైన్సు సారు మన తాతలు కోతులన్నడట!

మర్నాడు హెడ్‌మాస్టరు గది ముందు మౌల్వీ సాబ్, పంతులుగారు పక్కపక్కన నిలబడి ఉన్నారు. హెడ్‌మాస్టరును మేం సదర్ సాబ్ అనేవాళ్ళం. పాతకాలపు పెద్దమనిషి, బుగ్గలో ఎప్పుడూ పాన్. ఆయనకు లోకంలో ఒక్కటే భయం, ఫైసలా చేయాల్సి రావడం.

"సదర్ సాబ్, గీ పోరడు పోరగాళ్లకు ఏం జెప్తున్నడో ఎర్కేనా?" అని మౌల్వీ సాబ్ మొదలుపెట్టారు. "మనిషిని మట్టితోని అల్లా జేసిండు. గీయన కోతికెల్లి దిగిండంటడు!"

"మౌల్వీ సాబ్ సెలవిచ్చింది అక్షరాలా సహీ, హుజూర్," అన్నారు పంతులుగారు. "బ్రహ్మ సృష్టిని బజారు పాలు చేసిండు."

సదర్ సాబ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వాళ్ళిద్దరినీ కాదు, నన్ను చూశారు.

"మాస్టర్, కమాల్ జేసినవ్! వీళ్లిద్దరిని ఒక్క మాట మీదికి తెచ్చుడు నాతోని గాలె. నువ్వు ఒక్క కోతితోని తెచ్చినవ్."

అది మెచ్చుకోలా కాదా అని నేను ఆలోచించే లోపే ఆయన తీర్పు కూడా చెప్పేశారు. సైన్సు పీరియడులో ఇర్తెఖా చెప్పాలి. దాని వెంబడే దేవుడు లోకాన్ని ఎట్లా చేశాడో కూడా చెప్పాలి. ఇద్దరికీ బరాబర్.

"ఎవరి దేవుడు చేసింది చెప్పాలె సాబ్?" అన్నాను.

సదర్ సాబ్ పాన్ నమలడం ఆపారు. ఆ ప్రశ్న ఆయనకు తట్టలేదు. "గా ముచ్చట వీళ్లిద్దరు కూసోని తేలుస్తరు. ఒక కాగితం రాసిస్తరు. నువ్వు సదివి వినిపియ్యి, అంతే," అన్నారు. వాళ్ళిద్దరూ వెళ్ళాక గొంతు తగ్గించి నాతో అన్నారు, "నెలాఖరుకు నాజిర్ సాబ్ వస్తున్నడు. అప్పటి దాక ఈ లొల్లి సాఫ్ కావాలె. గాయన ముంగట శికాయత్ పడ్డదనుకో, మున్సరింగానివి, నిన్ను నేను గూడ బచాయించలేను." శికాయత్ అంటే ఫిర్యాదు.

ఆ రోజు సైదాబాదు దాకా సైకిలు ఎట్లా తొక్కానో నాకే తెలియదు. ఇంట్లో ఏమీ చెప్పలేదు. అమ్మ మాత్రం "ఏందిరా మొఖం గట్లున్నది?" అని, జవాబు కోసం చూడకుండా పిల్ల తండ్రి మళ్ళీ కబురు పెట్టాడని చెప్పింది. ఉద్యోగం సంగతి అడిగాడట.

శనివారం వచ్చింది. నేను పై అంతస్తులో వేరే తరగతికి లెక్కలు చెబుతున్నాను. కింద ఎక్కడో ఠప్పుమని కొబ్బరికాయ పగిలిన చప్పుడు. సర్కారీ బడిలో కొబ్బరికాయ ఏమిటి అనుకుంటూ దిగి వచ్చేసరికి, సైన్సు గది గడప మీద నీళ్ళు, లోపల అగరుబత్తి పొగ. పటం ముందు ఒక నూనెల వ్యాపారి సేఠు కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. వాళ్ళ పిల్లలు మా బళ్ళోనే చదివేవారు. పటంలో కోతి మెడకు జిల్లేడు పూల దండ. ముఖమంతా నూనెలో కలిపిన సిందూరం.

"నమస్తే సారూ!" అన్నాడు సేఠు, కళ్ళు తెరిచి. "సర్కారీ బడిల మన ఆంజనేయస్వామిని వెట్టిండ్రని పోరగాళ్లు జెప్పంగనే మా అమ్మ ఏడ్సింది సారూ, ఖుషీతోని. శనారం నాడు పోయి సిందూరం వెట్టి రమ్మన్నది."

"సేఠ్‌జీ, గది స్వామి గాదు. గది ఉట్టి జంతువు."

"గట్లనొద్దు సారూ, కండ్లు వోతయ్."

"సూడుండ్రి, స్వామికి తోకుంటది గద. దీనికి తోక లేదు."

సేఠు దగ్గరికి వెళ్ళి పటాన్ని పైనుంచి కింది దాకా చూశాడు. నిజంగానే లేదు. హమ్మయ్య, సైన్సు గెలిచిందనుకున్నాను.

"లంకల కాలిపోయినట్టున్నది," అన్నాడు భక్తిగా, మళ్ళీ ఒక దండం పెట్టి.

ఇంక ఏమంటాం! పిల్లలందరికీ కొబ్బరి ముక్కలు పంచి వెళ్ళిపోయాడు. తడికకు అటువాళ్ళు, ఇటువాళ్ళు అని లేకుండా అందరూ తిన్నారు. నేనూ తిన్నాను. కొబ్బరి బాగుంది. అది నములుతుండగానే గుమ్మంలో మౌల్వీ సాబ్ ప్రత్యక్షమయ్యారు. పటాన్ని చూశారు, దండను చూశారు, కదులుతున్న నా దవడను చూశారు.

"ఏందయ్యా గిది? మొన్నటిదాక దేవుని ముచ్చటనే లేదంటివి. ఇయ్యాల టెంకాయ గొట్టిచ్చినవ్. ఏదో ఒక్కదాని మీద నిలబడు!"

ఆయన వెనకే వచ్చిన పంతులుగారు దండను చూసి ఒక క్షణం తికమకపడ్డారు. ఆయన ఫిర్యాదు కూడా ఆ కోతి మీదే మరి. కాని సిందూరం పడ్డాక అది ఆయన కోతి అయింది. "శనివారం నాడు పెట్టిన సిందూరం, తుడవద్దు," అని మెల్లగా హెచ్చరించి తప్పుకున్నారు.

ఆదివారం నాడు తుడవచ్చునేమో అని, అందరూ వెళ్ళాక గుడ్డను కిరసనాయిల్లో ముంచి రుద్దాను. అది నా తెలివి. కోతి ముఖం ఏమాత్రం తేటపడలేదు గాని సిందూరం అటు బల్లికి, ఇటు దొరకు పాకింది. దొర ముఖం ఎండలో తిరిగి కోపంతో వచ్చినవాడిలా ఎర్రబడింది. పటం తీసేద్దామంటే సేఠు తల్లి ఏడుస్తుంది, ఉంచుదామంటే మౌల్వీ సాబ్ ఊరుకోరు. సదర్ సాబ్‌ను అడిగితే, "ఉంచకు, తియ్యకు" అన్నారు. ఆయన దగ్గర అంతకన్నా స్పష్టమైన ఆజ్ఞ నేను ఎన్నడూ పొందలేదు.

ఇక సృష్టి కాగితం సంగతి. బడి వదిలాక ఇద్దరూ నా గదిలోనే కూర్చునేవాళ్ళు. పిల్లల పెద్దల తరఫున సేఠు, చాంద్రాయణగుట్ట దగ్గర బర్రెలు పెట్టుకుని బడి చుట్టుపక్కల ఇళ్ళకు పాలు పోసే ఒకాయన కూడా వచ్చారు. కలం నా చేతికిచ్చి రాయమన్నారు. 'మొదట' అని రాశాను.

"మొదాల్ ఏం లేకుండె," అన్నారు మౌల్వీ సాబ్. "ఆయన కమ్మన్నడు, అయింది. రాయి."

"ఎట్ల లేకుండె జనాబ్?" అన్నారు పంతులుగారు. "నీళ్ళుండె. అంతటా నీళ్ళే."

"గా నీళ్లు ఎవలు జేసిండ్రు?"

"నీళ్ళు చేసుడేంది, ఉంటయ్."

"మా మూసీల నీళ్లే ఎండకాలం ఉండయ్. ఏం లేనప్పుడు నీళ్లు ఏడికెల్లి వచ్చె?"

పంతులుగారికి చర్రుమంది. ఆయన జవాబు చెప్పేలోపు మూలన గొంతుక్కూర్చున్న పాలాయన చేతులు జోడించాడు.

"నేను సదువుకోలేదు గని సారూ, మా ముసల్ది జెప్పేది. పాలసముద్రం ఉండె గద? గట్లయితే ముందుగాల పాలే. నీళ్లు ఎన్కశీరి."

సేఠు అతని వైపు తిరిగి, చాలా మర్యాదగా అన్నాడు, "అన్నా, నీ తాన ఎప్పుడు గట్లనే గద. ముందుగాల పాలు, ఎన్కశీరి నీళ్లు."

పాలాయన లేచాడు. సేఠు లేచాడు. నీ నూనెల ఏం కలుపుతవో నాకెర్కలేదా అని అతను, ఎర్కుంటే జెప్పు అని ఇతను. సృష్టి సంగతి పక్కకు పోయి బస్తీ మొత్తం కల్తీ బయటికొచ్చింది. మౌల్వీ సాబ్ గోడకు ఆనుకుని కడుపు పట్టుకు నవ్వారు. పంతులుగారు నవ్వకూడదని చూసి, చూసి, చివరకు దగ్గు వచ్చినట్టు నటించారు. మర్నాడూ కూర్చున్నారు, ఆ మర్నాడూ కూర్చున్నారు. సృష్టి ఎన్నాళ్ళు పట్టిందన్న దగ్గర ఒక సాయంత్రం పోయింది. మనిషి మట్టి నుంచా, సంకల్పం నుంచా అన్న దగ్గర ఇంకొకటి. కాగితం మీద 'మొదట' అన్న ఒక్క మాటే మిగిలింది. దాన్ని కూడా కొట్టేయమని ఎవరో అన్నారు.

తనిఖీకి ముందురోజు సదర్ సాబ్ మా ముగ్గురినీ పిలిచారు. నా చేతిలో కాగితం చూసి, వెనక కూడా ఏమీ లేదని తిప్పి చూశారు. నా ప్రాణం అప్పటికే అరుగు మీదికి చేరుకుంది.

"ఫికర్ లేదు," అన్నారు ఆయన చల్లగా. "మీకు కుదరకపోతే సైన్సు మాస్టరే తనకు తోచినట్టు రెండు దిక్కులది జెప్తడు. రేపు నాజిర్ సాబ్‌కు నేను గట్లనే అర్జ్ జేస్త." కాసేపు పాన్ నమిలి, కిటికీలోంచి చూస్తూ, "అయితే ఒకటి. దేవుడు లోకం జేసిన ముచ్చట సైన్సుల వచ్చినంక, దీనియాత్‌కు అఖ్లాఖియాత్‌కు అన్ని పీరియడ్లు ఎందుకు? సగం తగ్గియ్యమని గూడ జెప్త. సర్కారుకు బచత్, పైసలు మిగుల్తయ్."

సదర్ సాబ్ అది అమాయకంగా అన్నారో, ఆలోచించి అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన ముఖం చూసి ఏదీ పోల్చుకోలేం, పాన్ అడ్డం.

"గీయన జెప్తడా?" అన్నారు మౌల్వీ సాబ్, నన్ను వేలితో చూపిస్తూ. "దీన్ గురించి గీయన జెప్తడా? అలిఫ్ బే తప్ప గీయనకేమొస్తది?"

"శ్లోకానికి నోరు తిరగదు హుజూర్," అన్నారు పంతులుగారు. "మొన్న సిందూరం మీద కిరసనాయిలు పోసిండు! అసొంటి మనిషి చేతికి సృష్టి అప్పజెప్తరా?"

నన్ను ఇంత ఘనంగా ఎవరూ తిట్టలేదు, ఇంత సంతోషంగా నేనూ ఎన్నడూ తిట్లు తినలేదు. సదర్ సాబ్ రేపు చూద్దామని అందరినీ పంపేశారు. సాయంత్రం నేను సైకిలు తీసుకుంటుంటే తడికకు ఒకే వైపున ఇద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుతున్నారు. ఆ దృశ్యం చూసి బంట్రోతు కూడా గంట కొట్టడం మరిచిపోయాడు.

మర్నాడు నాజిర్ సాబ్ మోటారు కారులో వచ్చారు. సన్నటి మనిషి, తల మీద ఎర్ర టోపీ, విలాయత్‌లో చదివి వచ్చారని చెప్పుకునేవారు. అన్ని గదులూ చూసుకుని చివరికి నా గదికి వచ్చారు. వెనక సదర్ సాబ్, ఆయన వెనక మౌల్వీ సాబ్, పంతులుగారు. వాళ్ళిద్దరూ వెళ్ళి చివరి బల్ల మీద పిల్లల పక్కన సర్దుకున్నారు. నాజిర్ సాబ్ పటం ముందు ఆగిపోయారు.

"యే హజ్రత్ కౌన్ హైఁ?" అన్నారు కోతిని చూపిస్తూ. ఈ పెద్దమనిషి ఎవరని.

"తాలీమీ పటం సాబ్, సదువు జెప్పేది," అన్నారు సదర్ సాబ్.

"ఈ రంగు డిపోలనే వేసిండ్రా?"

"లేదు సాబ్. గిది... ఇక్కడి జనం వేసిండ్రు."

నాజిర్ సాబ్ ఎర్రబడిన దొరను కూడా ఒకసారి చూసి, నా కుర్చీలో కూర్చుని, జేబులోంచి కలం తీసి, పాఠం చెప్పమన్నారు. నేను గుర్రం కథ మొదలుపెట్టాను. మొదట్లో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. కాని ఆ కుక్కంత జంతువు అడవిలో నడవడం మొదలయ్యాక నేను భయం మరిచిపోయాను. గడ్డి మైదానాలు వచ్చాయి, వేళ్ళు ఒక్కొక్కటీ పోయాయి, గిట్ట గట్టిపడింది. పిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. ఆ గదిలో ఒకప్పుడు కట్టేసిన గుర్రాల సంగతి కూడా చెప్పాను. చివర్న నాజిర్ సాబ్ తల పైకెత్తారు.

"అంతకు ముందు ఏముండె?"

"ఇంకా చిన్న జంతువులు సాబ్."

"అంతకు ముందు?"

"చేపలు."

"అంతకు ముందు?"

"కంటికి కనిపించని జీవాలు, నీళ్ళల్ల."

"ఆ మొట్టమొదటిది ఏడికెల్లి వచ్చింది?"

ఆయన కలం కాగితం మీద ఆగి ఉంది. చూడండి, మున్సరిం మాస్టరు తనిఖీ రోజున చెప్పకూడని మాట ఒకటే ఉంటుంది. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుదామని మనసు వెతికింది. మౌల్వీ సాబ్ మాట చెబితే పంతులుగారు, పంతులుగారి మాట చెబితే మౌల్వీ సాబ్. పాలసముద్రం కూడా ఒకసారి మెదిలింది. అమ్మ, పిల్ల తండ్రి, అరుగు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కాని ఎదురుగా పిల్లలున్నారు. అప్పటిదాకా నేను చెప్పిన ప్రతి మాటా నమ్మి కూర్చున్నారు. వాళ్ళ ముందు లేని తెలివి చూపడానికి నాకు నోరు రాలేదు.

"నాకు తెల్వదు సాబ్," అన్నాను.

"నీకు తెల్వదా, సైన్సుకు తెల్వదా?"

"ఇద్దరికీ తెల్వదు సాబ్. సైన్సుకు తెలిసిననాడు నేను గూడ నేర్సుకోని జెప్త."

నాజిర్ సాబ్ ఏదో రాసుకున్నారు. సదర్ సాబ్ దవడ ఆగిపోయింది. అయిపోయిందనుకున్నాను. అప్పుడు చివరి బల్ల కిర్రుమంది. మౌల్వీ సాబ్ లేచి నిలబడ్డారు.

"గుస్తాఖీ మాఫ్ సాబ్. ఈయన ఆగవలసిన కాడనే ఆగిండు. గాడికెల్లి ముచ్చట మాది. మా పీరియడ్ది."

"ఇద్దరి పీరియడ్లదీ, హుజూర్," అన్నారు పంతులుగారు, తనూ లేస్తూ. "తడికకు ఇవతల వారు జెప్తరు, అవతల నేను జెప్త. ఈయన జెప్పొద్దు. ఈయనకు రాదు."

"మరి ఈ పాఠం మీద మీరే శికాయత్ చేసిండ్రని విన్న?" అన్నారు నాజిర్ సాబ్.

మౌల్వీ సాబ్ గడ్డం నిమురుకున్నారు. "శికాయత్ పటం మీద సాబ్. పాఠం అయితే ఇయ్యాలనే ఇన్న. గుర్రం ముచ్చట మంచిగున్నది."

"ఇయ్యాలనే విన్నరా? మరి ఇన్నాళ్లు దేని మీద లొల్లి?"

మొదట వెనక ఒక పిల్లవాడు కిసుక్కుమన్నాడు. తరువాత తరగతంతా నవ్వింది. నాజిర్ సాబ్ కూడా నవ్వి, కలం మూతపెట్టి జేబులో పెట్టుకున్నారు. వెళ్ళేటప్పుడు, పటాన్ని మార్చి కొత్తది తెప్పించాలని, దాన్ని చేతికందని ఎత్తులో కట్టాలని మాత్రం చెప్పారు.

పాత పటాన్ని సేఠు అడిగి తీసుకున్నాడు. ఆయన దుకాణంలో గల్లాపెట్టె పైన అది చాలా ఏళ్ళు ఉంది. వాళ్ళ అమ్మ పుణ్యమా అని కోతితో పాటు చేపకు, కప్పకు, బల్లికి, దొరకు కూడా ప్రతి శనివారం హారతి దొరికింది. నాకు ముస్తఖిల్ హుకుం వచ్చింది, అంటే కుర్చీ నాదయింది. పిల్ల తండ్రి ఆ కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసుకున్నాక ముహూర్తం పెట్టించాడు. పెళ్ళికి మౌల్వీ సాబ్, పంతులుగారు ఒకే జట్కాలో వచ్చారు. దిగేటప్పటికే పోట్లాడుకుంటున్నారు.

ఆ తరువాత ప్రతి ఏడూ ఆ పాఠం రోజున ఇద్దరూ ఏదో ఒక సాకుతో వచ్చి చివరి బల్ల మీద కూర్చునేవారు. గుర్రం కథ అయిపోయాక, మొట్టమొదటిది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదర్రా అనగానే మౌల్వీ సాబ్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచేవారు. "పదుండ్రి పంతులుగారూ, ఈయన పని ఒడిసింది. మన పని షురూ," అనేవారు. పిల్లలు నవ్వుకుంటూ రెండుగా చీలి వాళ్ళ వెంట వరండాలోకి పోయేవారు. నేను పటం చుట్టి పెట్టుకునేవాణ్ణి.

తరువాత రాజ్యం మారింది. బళ్ళు మారాయి. ఉర్దూ పుస్తకాలు పోయి తెలుగువి రావడం మొదలైంది. సర్కారీ బళ్ళో మతపాఠాలు ఉండవని హుకుం వచ్చింది. అది సరైనదే. సైన్సు గదిలో గాని, సర్కారు గదిలో గాని ఎవరి దేవుడిది చదవాలన్న పంచాయితీ ఉండకూడదు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. కాని ఆ హుకుంతో నన్ను నిలబెట్టిన ఇద్దరి పీరియడ్లూ పోయాయి. మౌల్వీ సాబ్‌కు పింఛను ఇచ్చి పంపారు, ఆయన తన పల్లెకు వెళ్ళిపోయారు. పంతులుగారిని పుస్తకాల గదిలో కూర్చోబెట్టారు. అక్కడ అవతల పోట్లాడడానికి ఎవరూ లేరు. కొన్నాళ్ళకు ఆయనా రావడం మానేశారు. నాకు చాలా బాధ వేసింది, ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

ఆ ఏడు గుర్రం పాఠం వచ్చింది. మొదటిసారి తెలుగులో చెప్పాను. మా అమ్మతో మాట్లాడే భాషలో ఆ గుర్రం ఇంకా బాగా పరుగెత్తింది. పిల్లలు ముచ్చటపడ్డారు. చివరికి వచ్చాను.

"మొట్టమొదటిది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదర్రా," అన్నాను. అలవాటు ప్రకారం ఆగాను. చివరి బల్ల ఖాళీగా ఉంది.

"మరి ఎవలకు ఎర్క సార్?" అన్నాడు ముందు వరసలో ఒకడు.

నేను వరండా వైపు చూశాను. అక్కడ తడిక ఎప్పుడో తీసేశారు. గంట కొట్టేదాకా పటం కర్ర పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.